‘వరుస’లోని గణితం: తెలుగు బంధుత్వపదాల సంబంధస్వరూపం

వ్యాససంగ్రహం:
ఒక సమితిలోని మూలకాల స్వభావాన్ని కాక, వాటి మధ్య ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేయడం ఆధునిక గణితశాస్త్ర ప్రధానలక్షణాలలో ఒకటి. తెలుగువారి ‘వరుస’ అనే భావన అటువంటి సంబంధవ్యవస్థేనని ఈ వ్యాసం నిరూపిస్తుంది. అవే మూలకాలపై జన్యుశాస్త్రం, చట్టం నిర్మించే సంబంధాలు వరుసకు భిన్నమైనవని, ఈ మూడింటిని ఒకటిగా భావించడం వలన పొరపాటు నిర్ణయాలకు అవకాశం ఉందని వివరిస్తుంది.

కీలకపదాలు: సంబంధం, తుల్య సంబంధం, వరుస, మేనరికం, అంతఃప్రజనన గుణకం.

1. ఉపోద్ఘాతం:
పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతమైన సోమల, పుంగనూరు, మదనపల్లె, కుప్పం పరిసరాలలో కొత్తవారు కలిసినప్పుడు “మీరు మాకేం వరస అవుతారు?” అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. అడిగేది ఆ వ్యక్తి గుణగణాల గురించి కాదు, ఇద్దరి మధ్య స్థానం గురించి. ఒకే వ్యక్తి ఒకరికి మామ, మరొకరికి చిన్నాయన, ఇంకొకరికి అల్లుడు. కనుక ‘మామ’ అనేది వ్యక్తిధర్మం కాదు; ఇద్దరు వ్యక్తుల క్రమయుగ్మానికి చెందిన ధర్మం. గణితంలో సంబంధానికి ఇచ్చే నిర్వచనం కూడా ఇదే: ఒక సమితి కార్టీజియన్ లబ్ధంలోని ఉపసమితి, అంటే కొన్ని క్రమయుగ్మాల సమాహారం.

సంబంధాల తర్కానికి పునాది వేసినవారిలో ఒకడైన అగస్టస్ డి మోర్గాన్ 1806లో మదురైలో జన్మించాడు. ఆయన ఈ విషయంపై ప్రసిద్ధమైన వ్యాసాన్ని 1860లో సమర్పించాడు. లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బృహద్గ్రంథంలో తమిళ, కన్నడ పదాలతోపాటు తెలుగు బంధుపదాలను కూడా పట్టికలుగా చేర్చాడు. 1949లో క్లోద్ లెవీ-స్ట్రాస్ గ్రంథానికి గణితవేత్త ఆంద్రే వెయిల్ బీజగణిత అనుబంధం రాసి, ఆస్ట్రేలియా ఆదివాసుల వివాహనియమాలను సమూహసిద్ధాంతంతో వివరించాడు. ద్రావిడ బంధుత్వవ్యవస్థపై లూయీ డ్యూమో వ్యాసం 1953లోను, థామస్ ట్రౌట్‌మన్ గ్రంథం 1981లోను వెలువడ్డాయి.

2. వరుస – తుల్య సంబంధం:
ఒకే తరానికి చెందిన బంధువులను తీసుకుంటే తెలుగు వ్యవస్థ వారిని రెండు భాగాలుగా విభజిస్తుంది. అన్నదమ్ముల పిల్లలు పరస్పరం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అక్కచెల్లెళ్ల పిల్లలూ అంతే. దీనిని ‘తోడు వరుస’ అనవచ్చు. ఒక అన్న పిల్లలు, అతని చెల్లెలి పిల్లలు మాత్రం బావామరదళ్లు, బావబావమరుదులు, వదినామరదళ్లు అవుతారు. ఇది ‘మేన వరుస’.

ప్రతి వ్యక్తి తనకు తాను తోడు అని అంగీకరిస్తే తోడు వరుసకు పరావర్తన, సౌష్ఠవ, సంక్రమణ ధర్మాలు మూడూ ఉంటాయి. కనుక అది తుల్య సంబంధం. మేన వరుసకు సౌష్ఠవం ఉంది కాని సంక్రమణం లేదు: బావకు బావ మళ్లీ బావ కాడు, అన్నదమ్ముల వరుసే అవుతాడు. వీటి సంయోగాన్ని ఇలా చూపవచ్చు:

తోడుకు తోడు = తోడు
తోడుకు మేన = మేన
మేనకు తోడు = మేన
మేనకు మేన = తోడు

ధన, రుణ గుర్తుల గుణకార నియమం ఇదే. గణితపరిభాషలో ఇది రెండు మూలకాల సమూహం. వరుస కలిపే పెద్దలు ప్రతి బంధువుకూ విడిగా పేరు గుర్తుపెట్టుకోరు. ఈ నియమాలతో లెక్కిస్తారు. ఉదాహరణకు తల్లికి మేనమామ కొడుకు తల్లికి బావ వరుస. తల్లికి బావ అయినవాడు బిడ్డకు తండ్రి వరుస. కనుక అతడు పెద్దనాయన లేదా చిన్నాయన.

మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం ప్రాంతం మరొక గణితభావనకు ఉదాహరణనిస్తుంది. పురుషునికి అక్కచెల్లెళ్ల కొడుకు, కూతురి భర్త – ఈ ఇద్దరినీ తెలుగులో ‘అల్లుడు’, కన్నడంలో ‘అళియ’, తమిళంలో ‘మరుమగన్’ అనే ఒక్కొక్క పదమే సూచిస్తుంది. ధ్వనులు వేరైనా నిర్మాణం ఒకటే. దీనినే గణితం తుల్యరూపత అంటుంది. ఇంగ్లీషు ‘కజిన్’ మాత్రం తోడు, మేన భేదాన్ని చెరిపివేస్తుంది. ఆ పదం నుండి వరుసను తిరిగి రాబట్టలేము.

3. నియమం తప్పే చోటు:
రాయలసీమలో అక్క కూతురిని వివాహమాడే ఆచారం ఉంది. అప్పుడు వరునికి తన అక్కే అత్త అవుతుంది. మేనల్లుడే బావమరిది అవుతాడు. ఒక క్రమయుగ్మానికి ఒకే వరుస ఉన్నంతవరకు అది ప్రమేయం. ఇక్కడ ఒకే యుగ్మానికి రెండు విలువలు వస్తున్నాయి కనుక ప్రమేయం కాదు. ఏ పిలుపు నిలవాలో కుటుంబ ఆచారం నిర్ణయిస్తుంది. పై నమూనా బావామరదళ్ల వివాహానికి సరిపోయినట్లుగా తరాలు కలిసిపోయే వివాహానికి సరిపోదు.

4. అవే మూలకాలు – వేరు సంబంధాలు:
సీవాల్ రైట్ 1922లో వివరించిన అంతఃప్రజనన గుణకం రక్తసంబంధపు దగ్గరితనాన్ని సంఖ్యగా కొలుస్తుంది. మేనమామ–మేనకోడలి సంతానానికి ఇది 1/8. మేనత్త, మేనమామ పిల్లల మధ్య వివాహమైతే 1/16. పెద్దనాయన పిల్లల విషయంలోనూ, పెద్దమ్మ పిల్లల విషయంలోనూ విలువ 1/16 మాత్రమే. వరుస పూర్తిగా వేరుచేసినవారిని జన్యుశాస్త్రం ఒకే తరగతిలో ఉంచుతుంది. ఎక్స్ క్రోమోజోమ్‌ను మాత్రమే గమనిస్తే విభజన మళ్లీ మారుతుంది. కుమార్తెలకు ఈ గుణకం వరుని మేనమామ కూతురి ద్వారా 1/8, తల్లి సోదరి కూతురి ద్వారా 3/16. తండ్రి తోబుట్టువుల కూతుళ్ల ద్వారా 0. ఇక్కడి సరిహద్దు తోడు–మేన మధ్య కాక తల్లివైపు–తండ్రివైపు మధ్య ఉంది.

1955 నాటి హిందూ వివాహ చట్టం మూడవ విభజన చేస్తుంది. మేనమామ–మేనకోడలు, అన్నాచెల్లెళ్ల పిల్లలు, అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు అందరినీ అది నిషిద్ధ సంబంధంలోనే చేర్చింది. ఉభయపక్షాల ఆచారం అంగీకరిస్తే మినహాయింపు ఇచ్చింది.

వరుస బంధుత్వపు రకాన్ని చెబుతుంది, దూరాన్ని చెప్పదు. సొంత మేనమామ కొడుకూ బావే. ఎన్నో తరాల క్రితం విడిపోయిన శాఖలోని వాడూ బావే. అందువల్ల ‘వరుస కుదిరింది’ అన్న మాటను ‘జన్యుపరంగా ప్రమాదం లేదు’ అన్న అర్థంలో స్వీకరించరాదు. దగ్గరి రక్తసంబంధం వలన అంతర్గత జన్యులోపాలు సంతానంలో బయటపడే అవకాశం పెరుగుతుంది. వైద్యసలహా కోరినప్పుడు బంధుపదం చాలదు, వంశవృక్షం అవసరం. అలాగే వరుస నిషేధాలన్నింటికీ జన్యుకారణాన్ని ఆపాదించడం కూడా సరికాదు. నిషేధించిన తోడు వరుసకూ, అనుమతించిన మేన వరుసకూ సాధారణ క్రోమోజోమ్‌లలో గుణకం సమానమే.

5. ముగింపు:
1. బంధుపదాలు వ్యక్తులకు కాక వ్యక్తుల క్రమయుగ్మాలకు చెందుతాయి.
2. ఒకే తరంలో తోడు వరుస తుల్య సంబంధం. మేన వరుసతో కలిసి అది రెండు మూలకాల సమూహనిర్మాణాన్ని పాటిస్తుంది.
3. ఒకే సమితిపై వరుస, జన్యుశాస్త్రం, చట్టం మూడు భిన్నమైన సంబంధాలను నిర్మిస్తాయి. ఒకదాని సమాధానం మరొకదాని ప్రశ్నకు చెల్లదు.
4. సంబంధాలు, ప్రమేయాలు బోధించేటప్పుడు విద్యార్థి ఇంటి నుండి తెచ్చుకున్న ఈ జ్ఞానం తరగతిగదిలో మొదటి ఉదాహరణ కాగలదు. సంక్రమణ ధర్మం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తప్పుతుందో అతనికి ముందే తెలుసు. దానికి శాస్త్రనామం చేర్చడమే అధ్యాపకుని పని.