తారు ట్యాంకు కింద నేరుగా మంట పెడితే ఏమవుతుంది? ‘పరోక్ష వేడి’ ట్యాంకులు ఎందుకు మేలు?

మేడ్చల్‌ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్‌ రహదారి వెళ్తాయి. ఈ రెండింటినీ కలుపుతూ ఔటర్‌ రింగు రోడ్డు ఉంది. ఇంత పెద్ద రోడ్డుకైనా, కాలనీలోని గల్లీకైనా వేసే తారు ముందుగా ఒక ట్యాంకులో వేడెక్కాల్సిందే. ఆ ట్యాంకును ఎలా వేడి చేస్తున్నారన్నది పక్కన పనిచేసే కూలీల ప్రాణాలకూ, మనం తిరిగే రోడ్డు మన్నికకూ సంబంధించిన విషయం.

తారును ఎంత వేడి చేయాలి?

మామూలు వేడిలో తారు గట్టిగా ఉంటుంది. పల్చబడితేనే కంకరకు పడుతుంది. కేంద్ర రహదారుల శాఖ ప్రమాణాల ప్రకారం, ఎక్కువగా వాడే వీజీ-30 రకం తారును కలిపే సమయానికి 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్‌ వేడిలో ఉంచాలి. వీజీ-40కి ఇది 160 నుంచి 170 డిగ్రీలు. వీజీ-30తో కలిపిన మిశ్రమాన్ని రోడ్డు మీద పరిచేటప్పుడు వేడి 140 డిగ్రీలకు తగ్గకూడదు. ప్లాంటు మరీ దూరంగా ఉంటే దారిలోనే చల్లారిపోతుంది. అందుకే ఈ ప్లాంట్లు నగరానికి దగ్గరగా, శివార్లలో ఉంటాయి.

మరోవైపు, ఐఎస్‌ 73 ప్రమాణం ప్రకారం తారు ఆవిరికి నిప్పంటుకునే ఉష్ణోగ్రత కనీసం 220 డిగ్రీలు ఉండాలి. అంటే పని జరిగే వేడికి, ప్రమాదపు వేడికి మధ్య తేడా 50, 60 డిగ్రీలు మాత్రమే.

నేరుగా మంట పెడితే?

తారులో వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. కింద మంట పెట్టినా, ట్యాంకు లోపలి గొట్టంలోకి బర్నర్‌ మంట పంపినా, మంట తగిలే చోట తారు విపరీతంగా కాగుతుంది. దూరంగా ఉన్నది ఇంకా ముద్దగానే ఉంటుంది. పొయ్యి మీద పాలు అడుగంటినట్టే ఇక్కడా తారు మాడి, లోహానికి పెచ్చు కడుతుంది. థర్మామీటరు వేరే చోట ఉంటే 150 డిగ్రీలే చూపిస్తుంది.

మాడిన తారులోని తేలిక నూనెలు పోయి అది పెళుసుగా మారుతుంది. అలాంటి తారుతో వేసిన రోడ్డు త్వరగా పగుళ్లిస్తుంది. పగుళ్లలోకి వాన నీరు దిగితే కంకర లేచిపోతుంది. ఇంతకంటే పెద్ద ముప్పు మరొకటి ఉంది. ట్యాంకులో మట్టం తగ్గి మంట గొట్టం బయటపడితే, పైన పేరుకున్న ఆవిరికి నిప్పంటుకోవచ్చు.

పరోక్ష పద్ధతి ఎలా పనిచేస్తుంది?

ఇందులో మంట ట్యాంకు దగ్గర ఉండదు. దూరంగా ఉన్న హీటరులో ‘థర్మిక్‌ ఫ్లూయిడ్‌’ అనే ప్రత్యేక నూనెను వేడి చేస్తారు. పంపు ఆ నూనెను ట్యాంకు లోపలి గొట్టాల చుట్టల గుండా తిప్పుతుంది. నూనె తన వేడిని తారుకిచ్చి, తిరిగి హీటరుకు చేరుతుంది. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి వేడి చేసినట్టన్నమాట. నూనె వేడిని అదుపులో పెట్టొచ్చు కాబట్టి తారు మాడే అవకాశం బాగా తగ్గుతుంది. ట్యాంకు చుట్టూ వేడి పోకుండా పొర ఉంటే ఇంధనమూ ఆదా అవుతుంది.

ఇక ప్రమాదమే లేదా?

ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది నీరు. లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,600 లీటర్లకు పైగా అవుతుంది. కాగిన తారులో నీరు చేరితే నురగతో పొంగి మనుషుల మీద పడుతుంది. అంతకుముందు తారు ఎమల్షన్‌ నిల్వ చేసిన ట్యాంకులో, ట్యాంకరులో వేడి తారు నింపితే ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఎమల్షన్‌లో నీరుంటుంది. వానాకాలంలో మూతల దగ్గర కారుతోందేమో చూడాలి.

వేడి 100 డిగ్రీలు పెరిగితే తారు సుమారు 6 శాతం వ్యాకోచిస్తుంది. అందుకే అంచు దాకా నింపకూడదు. అలాగని గొట్టాల చుట్టలు బయటపడేంత మట్టం తగ్గనివ్వకూడదు. థర్మిక్‌ నూనె కూడా మండేదే కాబట్టి లీకులను వెంటనే ఆపాలి. ట్యాంకు పైభాగంలో హైడ్రోజన్‌ సల్ఫైడ్‌ వాయువు చేరుతుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసన తెలియడమే ఆగిపోతుంది. కాబట్టి మూత తెరిచి లోపలికి వంగి చూడకూడదు.

మంట అంటుకుంటే, ఒంటి మీద పడితే?

మంట వస్తే ముందు బర్నర్‌ ఆపాలి. ట్యాంకులోకి నీళ్లు కొట్టకూడదు. డ్రై కెమికల్‌ పౌడర్‌, ఇసుక వాడాలి. 101కు ఫోన్‌ చేయాలి.

తారు ఒంటి మీద పడితే కనీసం 20 నిమిషాలు చల్లటి నీటి ధార కింద ఉంచాలి. అంటుకున్న తారును పీకకూడదు, చర్మం కూడా ఊడివస్తుంది. కిరోసిన్‌, పెట్రోలు రాయకూడదు. వేలి చుట్టూనో, చేతి చుట్టూనో తారు పూర్తిగా అంటుకుంటే చల్లారాక బిగిసి రక్తప్రసరణను అడ్డుకోవచ్చు. ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి. అంబులెన్సు కోసం 108కి ఫోన్‌ చేయాలి.

ఎవరిని అడగాలి?

పొగ, వాసన సమస్యపై తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి, కార్మికుల భద్రతపై ఫ్యాక్టరీల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. సోమవారాల్లో జరిగే ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వొచ్చు. మేడ్చల్‌-మల్కాజిగిరి కలెక్టరేటు శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో ఉంది.

మీ వీధిలో రోడ్డు వేస్తుంటే లారీలోని మిశ్రమాన్ని గమనించండి. నీలం రంగు పొగ దట్టంగా లేస్తుంటే తారు ఎక్కువ కాగి ఉండొచ్చు. థర్మామీటరులో ఎంత ఉందో అక్కడున్న ఇంజినీరును అడగండి.