తక్కువ బడ్జెట్‌లో డెస్క్‌టాప్: ఏ భాగానికి ఎంత?

అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌కు కావలసినవి ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, వీటన్నిటినీ బిగించే క్యాబినెట్. కొందరికి గ్రాఫిక్స్ కార్డు కూడా అవసరమవుతుంది. మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్ ఖర్చు వేరే. సికింద్రాబాద్‌లో సీటీసీగా అందరికీ తెలిసిన చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి. ఇలా కొన్న కంప్యూటర్‌లో ఒక భాగం పాతబడితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఆ వెసులుబాటు చాలా తక్కువ.

ధర అడగడానికి ముందే కంప్యూటర్ ఏ పనికో తేలాలి. పిల్లల చదువు, ఇంటర్నెట్, టైపింగ్, దుకాణం లెక్కలు, సినిమాలు ఇంతవరకే అయితే నాలుగు కోర్ల ప్రాసెసర్ ధారాళంగా సరిపోతుంది. ఫొటోల పని, ఓ మోస్తరు వీడియో ఎడిటింగ్, ప్రోగ్రామింగ్ కూడా ఉంటే ఆరు కోర్లు మేలు. కొత్త ఆటలు ఆడాలంటే లెక్కే మారిపోతుంది; బడ్జెట్‌లో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది.

తక్కువ ఖర్చులో చాలాకాలంగా వినిపిస్తున్న ప్రాసెసర్లు రెండు. ఇంటెల్ కోర్ ఐ3-12100లో 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉంటాయి. ఏఎండీ రైజెన్ 5 5600జీలో 6 కోర్లు, 12 థ్రెడ్లు. రెండింటిలోనూ బొమ్మను తెరమీదికి పంపే గ్రాఫిక్స్ భాగం లోపలే ఉంది కాబట్టి వేరే కార్డు అక్కర్లేదు. పేరు చివరి అక్షరాన్ని మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఐ3-12100ఎఫ్ కాస్త చవక, కానీ అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడిగా కార్డు పెట్టనిదే మానిటర్ మీద ఏమీ కనిపించదు. రైజెన్ 5000 వరుసలో గ్రాఫిక్స్ కావాలంటే అంకెల తర్వాత 'జీ' ఉండాలి.

'ఐ7 కంప్యూటర్ చవకగా' అన్న ప్రకటనలకు చాలామంది ఇక్కడే చిక్కుతారు. ఐ7 అన్నది ఒక వరుస పేరు. ఏ తరానిదో తెలియకపోతే ఆ పేరుకు అర్థం లేదు. 2013లో వచ్చిన ఐ7-4770కీ 2022 నాటి ఐ3-12100కీ కోర్లు, థ్రెడ్లు సమానమే. అయినా పనిలో ఐ3 చాలా ముందుంటుంది, ఎందుకంటే మధ్యలో ఒక్కో కోర్ చేసే పని బాగా పెరిగింది. పైగా ఆ పాత ఐ7 విండోస్ 11 మద్దతు జాబితాలో లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. లైనక్స్ వాడే ఉద్దేశం లేనివారు అలాంటి సెకండ్‌హ్యాండ్ యంత్రానికి డబ్బు పోయడం నష్టమే.

ప్రాసెసర్ కుదిరితే మదర్‌బోర్డు సగం కుదిరినట్టే. 5600జీకి ఏఎం4 సాకెట్, 12100కు ఎల్‌జీఏ1700 సాకెట్ కావాలి. ఏఎం4 బోర్డుల్లో డీడీఆర్4 ర్యామ్ మాత్రమే పడుతుంది. 2022లో వచ్చిన ఏఎం5లో డీడీఆర్5 తప్ప మరొకటి పట్టదు. ఎల్‌జీఏ1700 బోర్డులు రెండు రకాలుగానూ దొరుకుతాయి గానీ సాధారణంగా ఒక బోర్డుకు ఒకే రకం. డీడీఆర్4, డీడీఆర్5 ర్యాముల మీది గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి దిగదు. ప్రాసెసర్ కంటే ముందు తయారైన బోర్డు అయితే దాని బయోస్‌ను అప్‌డేట్ చేయించాల్సి రావచ్చు. ఆ మాట దుకాణంలోనే అడిగి తేల్చుకోవాలి.

ర్యామ్ ఈ మధ్య బడ్జెట్లను తలకిందులు చేసింది. మెమరీ చిప్పుల్లో ఎక్కువ భాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే తయారు చేస్తాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ పెరగడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే కొటేషన్ తీసుకున్న రోజు ధరనే నమ్ముకోకుండా కొనే రోజు మళ్లీ అడగాలి. ఈనాటి వాడకానికి 16 జీబీ ఉంటే నిశ్చింత. డబ్బు చాలకపోతే 8 జీబీతో మొదలుపెట్టి, ఖాళీ స్లాటు ఉంచుకోవచ్చు. 16 జీబీ ఒకే ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు కొంటే ప్రాసెసర్‌కు రెండు దారుల్లో డేటా అందుతుంది. గ్రాఫిక్స్ భాగం ప్రాసెసర్ లోపలే ఉన్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే అది వాడుకునేదీ ఈ ర్యామునే.

విండోస్ ఉండే డ్రైవ్ ఎస్‌ఎస్‌డీయే కావాలి, ఇందులో రాజీ వద్దు. హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 సార్లు తిరిగినా, కావలసిన చోటు సూది కిందికి వచ్చేసరికి సగటున 4 మిల్లీసెకన్లు పడుతుంది. సూది కదలడానికి పట్టే సమయం అదనం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేదీ లేదు. శాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు దాదాపు 550 ఎంబీ చదువుతుంది, ఎన్‌వీఎంఈ రకమైతే అంతకు కొన్ని రెట్లు. 500 జీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఇంటికి మంచి ఆరంభం. పెళ్లి వీడియోలు, పాత ఫొటోలు దాచుకోవడానికి హార్డ్ డిస్క్‌ను తర్వాత కలుపుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది ఎస్‌ఎంపీఎస్. బయటికి కనిపించదు, వేగం పెంచదు. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు కత్తెర మొదట దీనిమీదే పడుతుంది. నాసిరకంది పేలిందంటే మదర్‌బోర్డునూ డ్రైవ్‌నూ కూడా తీసుకుపోగలదు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లను నమ్మకుండా, పక్కనున్న పట్టికలో 12 వోల్టుల వరుస చూడాలి. అక్కడ 36 ఆంపియర్లు అని ఉంటే 12తో గుణించగా 432 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా వాడుకునేది ఆ శక్తినే. '450' అని రాసి 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లే చూపితే ఆ వరుసలో అది నిజంగా ఇచ్చేది 180 వాట్లే. పేరున్న కంపెనీది, '80 ప్లస్' గుర్తు ఉన్నది, 450 వాట్లది తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు మించిపోతుంది. రేపు 132 వాట్లు తినే రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 లాంటి కార్డు పెట్టినా తట్టుకుంటుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను వాడకపోవడమే మంచిది.

క్యాబినెట్‌కు రంగు దీపాలకంటే గాలి ముఖ్యం. వేసవిలో గది వేడి 40 డిగ్రీలు దాటే ఊళ్లలో ముందువైపు జాలీ, దుమ్ము ఆపే వల, ఒకటి రెండు ఫ్యాన్లు ఉన్నది కొనాలి. ముందంతా అద్దంతో మూసేసిన క్యాబినెట్ చూడటానికి అందమే గానీ లోపలి వేడి పోదు.

కరెంటు పోయివచ్చే ఇళ్లలో యూపీఎస్‌ను మొదటి ఖర్చులోనే కలుపుకోవాలి. యూపీఎస్ మీద రాసే వీఏ, వాట్లు ఒకటి కావు. సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది దాదాపు 360 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని డెస్క్‌టాప్, మానిటర్ కలిపి దానికి తేలిక భారమే. ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించడం కూడా ఈ పనిలో భాగమే.

డబ్బు బొటాబొటిగా ఉంటే గ్రాఫిక్స్ కార్డును ఆఖరికి వదిలేయవచ్చు. ఏడాది తర్వాత కొన్నా బోర్డులో దాని చోటు దానికి ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ కార్డు కొనేవారు అది క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు నడిచిందేమో అడిగి, కనీసం అరగంట ఆట ఆడి చూసి తీసుకోవాలి.

కంప్యూటర్ భాగాల మీద 18 శాతం జీఎస్టీ ఉంది. బిల్లు లేకుండా ఇస్తే అంత తగ్గుతుందని దుకాణదారు ఆశపెట్టినా ఒప్పుకోవద్దు. ఒక్కో భాగానికీ వారంటీ వేర్వేరు కంపెనీలది, గడువులూ వేర్వేరు. అందుకని ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లులో రాయించుకుని, డబ్బాలను వారంటీ ముగిసేదాకా దాచి ఉంచండి.