ఓడ యెక్కుటకు ముందు

నెల్లూరు సీమవారికి సముద్రము కొత్త కాదు, విహారనౌకలే కొత్త. కృష్ణపట్నము సరకుల రేవు గనుక మనవారు చెన్నపట్నము పోయి ఓడ నెక్కవలెను. 2023 జూన్ మాసమున అచ్చటినుండి ‘ఎంప్రెస్’ అను నౌక శ్రీలంకకు బయలుదేరినది. మరికొందరు విమానమున సింగపూరు చేరి అచ్చట ఓడ నెక్కుదురు. అసలు చిక్కు ఈ రెండవ పయనమునందే కలదు.

సింగపూరున బయలుదేరి, పెనాంగు, ఫుకెట్ చూపి, మరల సింగపూరు చేర్చు ఓడ యున్నదనుకొనుడు. టిక్కెట్టు ఒక్కటే, గది ఒక్కటే. పెట్టె సర్దుకొను పనియైనను లేదు. కాని చట్టము దృష్టిలో ప్రయాణికుడు సింగపూరును విడిచి రెండవమారు ప్రవేశించుచున్నాడు. వీసా ఒక్క ప్రవేశమునకే చెల్లునదైనచో తిరుగు ప్రయాణమున చిక్కు తప్పదు. అంతదాక ఏల? కాగితము ఒక్కటి తక్కువైనను ఓడవారు మొదటిరేవుననే మెట్లెక్కనీయరు. చెల్లించిన సొమ్ము తిరిగి వచ్చుట అరుదు. ఏండ్ల తరబడి కూడబెట్టి బయలుదేరిన వృద్ధదంపతులకు ఆ మెట్ల చెంత నుండి మరలివచ్చుట సామాన్యమైన బాధయా! ‘రేవున దిగము, ఓడలోనే యుందుము’ అను మాటయు అన్నిచోట్ల చెల్లదు.

1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిషిండియాలోని భాగమే గనుక రంగూను పోవు తెలుగు కూలీకి ఈ బెడద లేకుండెను.

మలేషియా 2023 డిసెంబరు 1 నుండి మనవారికి 30 దినముల వరకు వీసా అక్కరలేదన్నది. ఇట్టి సడలింపులకు గడువు లుండును. నిరుడు పోయివచ్చిన పొరుగువారి మాట ప్రమాణము కాదు. ఆయా ప్రభుత్వముల ప్రకటనలనే చూడవలెను. పాస్‌పోర్టునకు సాధారణముగా ఇంకను ఆరుమాసముల గడువుండవలెను.

టిక్కెట్టు కొనకముందే మజిలీల పట్టికలో ప్రతి రేవు కెదురుగా దేశము పేరు వ్రాసికొనుడు. ఒకే పేరు రెండుసార్లు వచ్చినచో, ఆ దేశపు వీసాను గూర్చి మొట్టమొదట విచారింపుడు.