విద్వత్సభాసంవిధానము

సభాశబ్దముమీఁదఁ దత్రసాధ్వర్థమున యప్రత్యయము రాఁగా సభ్యశబ్ద మేర్పడునని పాణినీయము. సభలోఁ గూర్చున్నవాఁ డెల్ల సభ్యుఁడు కాఁడు. సభయందు సాధువు, అనఁగా నిపుణుఁడో యోగ్యుఁడో యగువాఁడే సభ్యుఁడు. ఈ యర్థమును బెక్కేండ్లు విద్యార్థులకుఁ బాఠము చెప్పితిని. సభ గూర్చు భారము నాపైఁ బడినప్పుడు మాత్రము మఱచితిని. ఆ మఱపువలనఁ గలిగిన చెఱుపును దలఁచియే యీ నాలుఁగు మాటలు వ్రాయుచున్నాఁడను.

ఒకే విద్యయందుఁ బరిశ్రమించినవారు కూడి విచారించుకొనుటకుఁ బెద్దలు పెట్టిన పేరు తద్విద్యసంభాష. చరకసంహితయందు విమానస్థానమున నెనిమిదవ యధ్యాయము దీని విధానమును విస్తరముగాఁ జెప్పుచున్నది. వైద్యులకొఱకుఁ జెప్పిన దైనను వైయాకరణులకును గవులకును బనికివచ్చును. సంధాయసంభాష, విగృహ్యసంభాష యని యది రెండు తెఱఁగులు. జ్ఞానమును వాక్ఛక్తియుఁ గలిగి, కోపమును అసూయయు లేక, నచ్చఁజెప్పిన నంగీకరించు స్వభావముగల వానితోఁ గలసి విచారించుట మొదటిది. అందు జంకులేక యడుగవలయును, జంకులేక చెప్పవలయును. ఓటమికి వెఱవరాదు, గెలిచితినని పొంగరాదు, ఆ గెలుపును జాటుకొనరాదు. ఎదిరించి జయాపేక్షతో వాదించుట రెండవది. సంభాషవలని లాభములను జెప్పుచు నాచార్యుఁ డొక చమత్కారము పలికెను: గురువు ప్రియశిష్యునకు రహస్యముగా నుపదేశించిన యర్థమును సైతము వాఁడు వాదోత్సాహమున గెలువఁగోరి బయటఁ బెట్టునఁట! అచ్చుపుస్తకములు లేని కాలమున నిది యల్పలాభము కాదు. నేఁటికిని గాదు, ఏ గ్రంథమునను లేని విశేషము పండితునినోట మాటవరుసలో వెలువడుట మన మెఱుఁగనిదా?

పరిషత్తును జ్ఞానవతి, మూఢ యని రెండుగా విభజించి, ఒక్కొక్కదానిని మరల సుహృత్పరిషత్తు, ఉదాసీనపరిషత్తు, ప్రతినివిష్టపరిషత్తు అని మూఁడుగాఁ జేసిరి. ప్రతినివిష్టమనఁగా ముందే పంతము పట్టి కూర్చున్నది. అట్టి సభ జ్ఞానవతియైనను అందు వాదింపరాదని నిషేధము. ఆహ్వానపత్రములు వ్రాయునాఁడే నిర్వాహకుఁ డీ విభాగమును దలఁపున నుంచుకొనవలయును. ఉభయపక్షములవారిని సమముగాఁ బిలిచినఁ జాలునని పలువురు భ్రమపడుదురు. ఏ పక్షమును లేనివా రందు నెందఱున్నారో చూచుకొననిచో నది తీర్పరిలేని కోడిపందెమగును.

ఇది పలుకఁదగినది, ఇది పలుకరానిది, ఇట్లయినచో నోటమి యని ముందుగా నేర్పఱచుకొనుట వాదమర్యాద. వైద్యుల వాద మాయుర్వేదమునందే జరుగవలయునుగాని యన్యత్ర కాదనియు నా యధ్యాయముననే కలదు. ప్రత్యయవిచారముగాఁ బ్రారంభమైన ప్రసంగము మధ్యాహ్నమునకు భాషోద్యమచరిత్రమై, సాయంకాలమునకు వంశప్రశంసయై ముగియుటను జూచినవారి కీ కట్టడ విలువ తెలియును. న్యాయసూత్రములలోని 22 నిగ్రహస్థానములలో ‘అర్థాంతరము’ ఒకటి. ప్రకృతముతో సంబంధములేని మాట యని దాని తాత్పర్యము. అధ్యక్షుఁడు తక్కిన యిరువదియొక్కటి మఱచినను దీనిని మఱవకుండినఁ జాలును.

ఇఁక ప్రశ్నము. ‘తెలుఁగు వ్యాకరణము’ అనునది ప్రశ్నము కాదు. అది బీరువామీఁద నంటించు చీటి. ‘ఱకారము నన్నయనాఁటి పలుకుబడిలోనే వేఱా, వ్రాఁతలో మాత్రమే వేఱా?’ యనునది ప్రశ్నము. దానికి ఔననువాఁడును గాదనువాఁడును గలరు. ఇందు చరకసంహితలోనే యొక మేలుబంతి యున్నది. సూత్రస్థానమున నిరువదియాఱవ యధ్యాయమునఁ జైత్రరథవనమందు ఋషులు కూడిరి. రసములెన్ని యని విచారము. ఒక్కటే యని భద్రకాప్యుఁడు, రెండని శాకుంతేయుఁడు, మూఁడని మౌద్గల్యుఁడు, నాలుఁగని కౌశికుఁడు, ఐదని భరద్వాజుఁడు, ఆఱని వార్యోవిదుఁడు, ఏడని విదేహరాజగు నిమి, ఎనిమిదని బడిశుఁడు, లెక్కకు మిక్కిలి యని కాంకాయనుఁడు పలికిరి. పునర్వస్వాత్రేయుఁ డాఱే యని సిద్ధాంతము చేసి యూరకుండలేదు. జలము రసములకుఁ గారణముగాని రసము కాదనియు, క్షారము ద్రవ్యముగాని రసము కాదనియు నొక్కొక్క పక్షమునకు సమాధానము చెప్పెను. పదుగురు వక్తలు, ప్రశ్నమొక్కటి. వక్త లెందఱైనను దోషము లేదు. ప్రశ్నములు పెక్కయినప్పుడే సభ సంతయగును. 1919లోఁ బుణ్యపత్తనమున మొదటిసారి కూడిన యఖిలభారత ప్రాచ్యవిద్యాపరిషత్తువంటి మహాసభలు శాఖలుగా విభజింపఁబడి జరుగుట యిందులకే. చిన్నసభలు ఆ పెద్దసభలను జూచి శాఖలు పెట్టుట మాత్రము నాకు సమ్మతము కాదు. ఒక్కొక్క గదిలో నేడుగురు మిగులుదురు.

మండపనిర్మాణమునకు రాజశేఖరుని కావ్యమీమాంస చూడఁదగినది. పదవ యధ్యాయమున నాయన చెప్పిన సభకు 16 స్తంభములు, 4 ద్వారములు, 8 మత్తవారణులు. నడుమ మూరెఁడెత్తు వేదిక. ఉత్తరమున సంస్కృతకవులు, వారివెనుక వేదవేత్తలు, ప్రామాణికులు, పౌరాణికులు, స్మార్తులు, భిషక్కులు, మౌహూర్తికులు. తూర్పునఁ బ్రాకృతకవులు, పడమట నపభ్రంశకవులు, దక్షిణమున భూతభాషాకవులు. ఎవఁ డెచ్చటఁ గూర్చున్నాఁడో దానిచేతనే వాఁ డే విషయమునఁ బ్రమాణమో తెలియును. మన సభలలో ముందువరుస దాతలది, రెండవది వారి బంధువులది. వారి యౌదార్యమునకు నమస్కారము. అయినను బ్రశ్న వేయఁగలవాఁడు ధ్వనిరాని మూలఁ గూర్చుండుట సంవిధానలోపమే.

నా లోపమును జెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట రేఫశకటరేఫముల ప్రాసమైత్రిని గుఱించి యొక సభను గూర్చితిని. రెండుదినములు, దినమునకు 5 గంటలు, వ్యాసములు 24. వ్యాసమునకు 25 నిమిషములు: పఠనమునకుఁ బదునైదు, ప్రశ్నలకుఁ బది. గణితము సరిపోయినదని సంతసించితిని. దీపప్రజ్వలనము, స్వాగతము, శాలువలు, దాతృప్రశంస, వీని కాలమును లెక్కింపనైతిని. మొదటినాఁడే గంటన్నర పోయెను. ఆ కొఱఁత దీర్చుటకు నేను గోసినది వ్యాసములను గాదు, ప్రశ్నల కాలమును. పల్లెబడిలోఁ జదువు చెప్పి విరమించిన వృద్ధపండితులొకరు చేతిసంచిలోఁ దాటియాకుల ప్రతి నుంచుకొని వెనుకవరుసలో రెండుమాఱులు లేచిరి. “తరువాత, శాస్త్రులుగారూ” అని రెండుమాఱులును నేనే కూర్చుండఁబెట్టితిని. ఆయన చివరిబస్సునకు వెళ్లిపోయిరి. సభ తీర్మానము చేసినది, తీర్మాన మచ్చయినది. నెల దాఁటినపిదప వచ్చిన కార్డువలనఁ దెలిసిన దేమనఁగా, మా తీర్మానమున కాధారములైన పద్యములలో మూఁడింట అచ్చుప్రతి పాఠము పరిష్కర్త దిద్దినదే. ఆయన చేతిప్రతిలోఁ బ్రాసాక్షరము వేఱు.

ఆ కార్డు నేఁటికిని నా బల్లమీఁద నున్నది. పిమ్మటఁ గూర్చిన సభకు వ్యాసములు 8 మాత్రమే. ప్రశ్నమును బూర్వపక్షసహితముగా వ్రాసి యాఱునెలలముందే పంపితిమి. వ్యాసములు నెలముందుగా నందఱకుఁ జేరినవి గనుక సభలోఁ జదువుట మాని సారాంశమే చెప్పించితిమి. ప్రతివ్యాసమునకు నొక పూర్వపక్షిని ముందుగా నియమించితిమి. సన్మానము రెండవనాఁటి సాయంకాలమునకుఁ ద్రోసితిమి. ఇందులకుఁ గొందఱు నొచ్చుకొనిరి. సభలోఁ బలికినదానిని వ్రాయుటకు నిరువురు శిష్యులను గూర్చుండఁబెట్టి, తెగనివానిని దెగనట్లుగనే వ్రాయుఁడని చెప్పితిని.

మొదటి యాహ్వానము ఆ పల్లెపండితులకే వ్రాసితిని. చూపు తగ్గినందున రాలేనని ప్రతిని మనుమనిచేఁ బంపిరి. నలువురము కూడి ప్రాసాక్షరములను బరీక్షించితిమి. మూఁడింట రెండు ఆయన చెప్పినట్లే యుండెను. మూఁడవచోట నాకు పురుగుతినిపోయి యక్షరము తెలియరాలేదు. ఆ మూఁడవదానిని నిర్ణయింపఁబడనిదానిగనే చూపి, పాతతీర్మానమునకుఁ బ్రక్కన నచ్చువేయించితిమి.