వెలిగిన 7 సెకన్లకే ఆరిపోతోందా?

అమెరికాలో చలి ఊళ్లకి కొత్తగా వచ్చిన మనవాళ్లకి ఏ కారు కొనాలో చెప్పేవాళ్లు బోలెడు మంది దొరుకుతారు. బేస్‌మెంట్‌లో గుర్రుమంటూ ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేస్ గురించి మాత్రం ఒక్కరూ చెప్పరు. నేనుండే మినియాపొలిస్‌లో జనవరి రాత్రి మైనస్ 20 సెల్సియస్ అంటే వింతేమీ కాదు. అప్పుడు హీట్ లేకపోతే వణుకు ఒక్కటే కాదు, గోడల్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలే ప్రమాదం కూడా ఉంది.

అసలు వెలగని ఫర్నేస్ కంటే, వెలిగి వెంటనే ఆరిపోయేది ఎక్కువ తికమక పెడుతుంది. మామూలుగా ఒకసారి వెలిగితే 10, 15 నిమిషాలైనా నడవాలి. బాగా చలిగా ఉంటే ఇంకా ఎక్కువసేపు. అది మధ్యలోనే ఆగిపోతుంటే చాలామంది థర్మోస్టాట్ పెంచుతారు, లేదా బ్రేకర్ ఆపి మళ్లీ వేస్తారు. లాగ్స్ చూడకుండా సర్వర్‌ని రీస్టార్ట్ కొట్టడమే ఇది! కొన్ని బోర్డుల్లో పవర్ తీస్తే దాచుకున్న ఎర్రర్ కోడ్ కూడా చెరిగిపోతుంది.

ముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. మంట అంటుకున్నాక ఎంతసేపటికి ఆరుతోందో చూడండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

మొన్న చలికాలం మా అద్దె ఇంట్లో ఆ లెక్క 7 సెకన్లు. అప్పుడు అమ్మ ఖమ్మం నుంచి వచ్చి ఉంది. నా వెనకే నిలబడి, "పొయ్యి మీద మంట ఆరితే నేను చూసుకుంటా. దీన్నెవరు చూస్తుంటార్రా?" అంది. సరిగ్గా అడగాల్సిన ప్రశ్న అదే.

థర్మోస్టాట్ అడగ్గానే ముందు ఒక చిన్న ఫ్యాన్ తిరిగి పొగని బయటికి నెట్టే దారి సిద్ధం చేస్తుంది. గాలి సరిగ్గా లాగుతోందని ప్రెజర్ స్విచ్ ఒప్పుకున్నాకే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, బర్నర్లు అంటుకుంటాయి. ఆ మంటలో ఒక సన్నటి లోహపు కడ్డీ ఉంటుంది. దాని పేరు ఫ్లేమ్ సెన్సర్. మంట గుండా అతి కొద్దిపాటి కరెంట్, మైక్రోఆంప్‌ల లెక్కలో, పారితేనే బోర్డు 'మంట ఉంది' అని నమ్ముతుంది. కడ్డీ మీద పొర పేరుకుంటే ఎదురుగా మంట మండుతున్నా దానికి కనపడదు. గ్యాస్ ఊరికే పోతోందనుకుని కొన్ని సెకన్లలోనే వాల్వ్ మూసేస్తుంది. అలా కొన్నిసార్లు ప్రయత్నించి లాకౌట్‌లోకి వెళ్లిపోతుంది.

ఓనర్‌కి ఫోన్ చేసి సరేననిపించుకున్నాక పవర్, గ్యాస్ రెండూ ఆపాను. ఒక్క స్క్రూ విప్పితే సెన్సర్ చేతిలోకి వచ్చింది. సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్ది, తుడిచి, మళ్లీ బిగించాను. గరుకు శాండ్‌పేపర్ మాత్రం వద్దు. ఈసారి మంట నిలబడింది. కాసేపటికి పెద్ద బ్లోయర్ మొదలైతే అమ్మ వెంట్ మీద అరచేయి పెట్టి, "వస్తోంది, వస్తోంది" అని పైనుంచి కేకేసింది.

మీ లెక్క సెకన్లలో కాకుండా నిమిషాల్లో ఉంటే కథ వేరు. బర్నర్లు ఆరినా బ్లోయర్ తిరుగుతూనే ఉందంటే, లోపల వేడెక్కువై లిమిట్ స్విచ్ ఆపేసిందని అనుమానించాలి. చాలాసార్లు కారణం మట్టికొట్టుకుపోయిన ఫిల్టర్. దుమ్ము బాగా పడుతుందని పలచటి ఫిల్టర్లలోనే మెర్వ్ 13 కొనేవాళ్లున్నారు. పాత ఫర్నేస్‌కి దాని గుండా గాలి లాగడం కష్టం కావచ్చు. మనవాళ్ల బ్యాచిలర్ ఇళ్లలో ఇంకోటి చూశాను. గాలిని వెనక్కి తీసుకునే గ్రిల్‌కి అడ్డంగా పరుపు నిలబెట్టేస్తారు! ఖాళీ గదుల్లో వెంట్లన్నీ మూసేస్తే బిల్లు తగ్గుతుందన్న నమ్మకం కూడా ఇలాంటిదే. గాలి పోయే దారి తగ్గి లోపల వేడి పెరుగుతుంది.

పొగగొట్టం తెల్లటి పీవీసీ పైపు అయితే బయట దాని మూతికి మంచు కప్పుకుందేమో చూడండి. థర్మోస్టాట్ వేడిగాలి వచ్చే వెంట్ పక్కనే ఉన్నా తొందరగా ఆగుతుంది. ఇంటికి మించిన సైజు ఫర్నేస్ పెట్టి ఉంటే మాత్రం మనం చేయగలిగేది పెద్దగా లేదు.

లిమిట్ స్విచ్‌ని వైరుతో బైపాస్ చేసే వీడియోల జోలికి వెళ్లకండి. అతివేడికి హీట్ ఎక్స్‌చేంజర్ పగిలితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు. కాబట్టి ఆ అలారం పడుకునే గదుల దగ్గర ఉండాల్సిందే. అది మోగినా, గ్యాస్ వాసన వచ్చినా ముందు బయటికి వచ్చేసి అక్కడి నుంచే ఫోన్ చేయాలి. మంట నీలంగా కాకుండా పసుపుగా ఊగుతుంటే ఫర్నేస్ ఆపేసి టెక్నీషియన్‌ని పిలవండి.

టెక్నీషియన్‌కి ఫోన్ చేసే ముందు ఫర్నేస్ తలుపు మీది చిన్న కిటికీలోంచి ఎల్‌ఈడీ ఎన్నిసార్లు మెరుస్తోందో వీడియో తీసుకోండి. దాని అర్థం చెప్పే పట్టిక చాలావాటికి తలుపు లోపలివైపే అంటించి ఉంటుంది. "హీట్ రావట్లేదు" అనే బదులు "వెలిగిన 3 నిమిషాలకి ఆరుతోంది, బ్లోయర్ ఆగట్లేదు, లైటు 4 సార్లు మెరుస్తోంది" అని చెబితే ఏయే పార్టులు వెంట తెచ్చుకోవాలో ఆయనకి ముందే తెలుస్తుంది.