మూలబడిన హవాయి గిటారు

చీరెల యంచులవలెనే వాద్యములకును కాలమునుబట్టి మోజు కలుగుచు, తొలగుచు నుండును. పెండ్లిచూపులలో “అమ్మాయికి హార్మోనియము వచ్చునా?” యని యడిగిన దినములు గడచిపోయినవి. నేటి పిల్లలకు కీబోర్డు కావలెను, లేదా భుజమునకు దగిలించుకొను గిటారు కావలెను. ఇట్లు వెనుకబడిన వాద్యములలో విద్యుత్తుతో మ్రోగు హవాయి గిటారొకటి. అటకమీద నున్న యట్టి గిటారును దింపి యమ్మదలచిన సోదరీమణులకు బనికివచ్చునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ గిటారును నిలువుగా బట్టి వాయింపరు. ఒడిలో వెల్లకిలగా నుంచుకొని, కుడిచేత మీటుచు, ఎడమచేత నుక్కుకడ్డీని తీగెలపై జార్చుదురు. మన గోటువాద్యమును వాయించు తీరును ఇంచుమించుగా నిట్టిదే. స్వరమునుండి స్వరమునకు తెగక జారుటచే గమకములకు మిక్కిలి యనువైనది. ఈ పద్ధతి 19వ శతాబ్ది చివర హవాయి దీవులలో వ్యాప్తికి వచ్చెను. 1940 తరువాతి సంవత్సరములలో టౌ మో యను కళాకారుడు సకుటుంబముగా కలకత్తాలో నివసించి దీనిని నేర్పెను. పిమ్మట బెంగాలీ గృహములలో నాడపిల్లలు రవీంద్రుని గీతములను దీనిపై నేర్చుకొనుట వాడుకయయ్యెను. సునీల్ గంగూలీ సినిమా పాటలను దీనిపై వాయించి యనేకములగు రికార్డుల నిచ్చెను.

దీని చరిత్రమందు మఱియొక విశేషము కలదు. వ్యాపారమున నిలదొక్కుకొన్న మొదటి విద్యుద్గిటారు ఈ జాతిదే. 1932లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున రికెన్‌బాకర్ కంపెనీవారు దానిని విక్రయింప నారంభించిరి. అల్యూమినియమును పోతపోసి చేసిన యా వాద్యము గుండ్రని డొక్కతో, పొడవైన దండితో నుండుటచే దానికి “వేపుడు పెనము” అను ముద్దుపేరు గలిగెను. వంటయింటి పేరు గల యీ వాద్యమే తరువాతి విద్యుద్గిటారులకు పెద్దక్క యనవచ్చును.

అట్లయ్యును బజారున పెద్దక్కకు గౌరవము తక్కువ. జనుల మోజు భుజమున దగిలించు స్పానిషు గిటారువైపు మరలినది. గిబ్సన్ కంపెనీ 1936 ప్రాంతమున చేసిన ఒడి గిటారునకును, భుజపు గిటారునకును ఒకే తీరు పికప్‌ను బిగించెను. పికప్ అనగా తీగె యదురును విద్యుత్తుగా మార్చు భాగము. నేడు రెండవదాని వెల హెచ్చు, మొదటిదాని వెల తగ్గు. కాబట్టి కొందఱు ఒడి గిటారును చవుకగా గొని, పికప్‌ను ఊడదీసి వేఱొకదానికి బిగించుకొని, మిగిలిన కొయ్యను పాఱవైతురు. అరుదగు వస్తువులు మఱింత యరుదగుట యిట్లే.

నర్సీపట్నములో నొక యింట నిట్టి గిటారు కలదనుకొందము. మన్యమునకు వాకిలియైన యా యూరిలో దీనిని వాయించువా రరుదు. పాతసామాను కొనువాడు తూకపు లెక్కను ధర చెప్పును. “ఇచ్చివేయుడు, చోటైనను మిగులును” అని కుమారుడనును. ఒకప్పుడు దానిని వాయించిన యత్తగారు లోపలిగదిలో నుండి మాటాడరు. ఇట్టి యెడల ముందుగా నడుగవలసిన ప్రశ్న “ఎంత?” అని కాదు, “ఎవరిది?” అని. పుట్టినింటివారు కానుకగా నిచ్చినదైనను, తన సంపాదనతో గొన్నదైనను అది యామె సొత్తు. హిందూ స్త్రీకి అట్టి సొత్తుపై పూర్తి హక్కు కలదని 1956 నాటి వారసత్వ చట్టములోని 14వ సెక్షను చెప్పుచున్నది. నగలవిషయమున నందఱును జ్ఞప్తియందుంచుకొను నీ న్యాయము వాద్యమునకును వర్తించును.

ఆమె యొప్పుకొనిన పిమ్మట వస్తువును చక్కగా బరిశీలింపవలెను. ఒడికొఱకే చేసినవానిలో పెక్కింటికి ఎత్తైన మెట్లుండవు, గీతలు మాత్రముండును. తీగెలు దండికి చాల యెత్తుగా నుండును. మామూలు గిటారునకు తీగెల నెత్తి హవాయి గిటారుగా మార్చినవియు గలవు. ఏది యేదియో కొనువారికి స్పష్టముగా జెప్పవలెను. తల, వెనుకభాగము, పికప్, బిరడలు, అంకెలేవైన నున్న అంకెలు, పగులు, అతుకు—అన్నిటికిని ఫొటోలు దీయవలెను. పొడిగుడ్డతో దుమ్ము దులిపిన చాలును. క్రొత్త వార్నిషు పూయుట, బిరడలు మార్చుట మేలు చేయబోయి కీడు చేయుటయే యగును. పాతవాద్యము నెఱిగినవారు పాతతనమునకే వెల నిత్తురు.

ఆంప్లిఫయరును మాత్రము తొందరపడి ప్లగ్గున బెట్టరాదు. అమెరికానుండి వచ్చినది 110 వోల్టులకు జేసినదైనచో మన 230 వోల్టులకు క్షణములో మాడిపోవును. వాల్వులతో బనిచేయు పాత పెట్టెలో, ప్లగ్గు తీసిన పిమ్మటను ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును. కనుక దాని మూత విప్పరాదు, పిల్లలను దగ్గఱకు రానీయరాదు. పాత రేడియోల పని తెలిసిన మనిషిచేత ముందుగా జూపింపవలెను.

ధర విషయమున నొక్కరి మాటతో దృప్తిపడరాదు. విశాఖపట్టణములోని వాద్యముల యంగళ్లలోను, హవాయి గిటారు నేర్చినవారు నేటికిని గల కలకత్తాలోను విచారింపవలెను. హౌరానుండి చెన్నైకి బోవు రైలుమార్గమున నర్సీపట్నం రోడ్డు స్టేషనున్నది గావున ఆ దిక్కు మనకు మఱీ దూరము కాదు. పంపునపుడు తీగెలను కొంచెము వదులుచేసి, దండిక్రింద మెత్తని గుడ్డ నుంచి, పెట్టెలో కదలకుండ సర్దవలెను. విడిభాగములకై యడుగువా డొకడును, వాయించుటకై యడుగువా డొకడును వచ్చినచో, వెల కొంచెము తగ్గినను రెండవవానికే యిచ్చుట మంచిదని మా యభిప్రాయము.

అమ్ముట తప్పు కాదు. మందులకో, పిల్ల చదువునకో డబ్బు కావలసినపుడు మూలబడిన వస్తువు అక్కఱకు వచ్చుట సంతోషింపదగినదే. ఆ డబ్బు మాత్రము సొంతదారురాలి చేతిలో బడవలెను. మోజు పోయినంతమాత్రమున విద్య పోదు. ఈ గిటారును మార్చి మోహనవీణగా రూపొందించిన విశ్వమోహన్ భట్టునకు 1994లో గ్రామీ బహుమానము లభించినది. కావున బేరము కుదురులోపల నొకనాటి సాయంకాలము, దానిని నేర్చిన యామె యొడిలో నుంచి, మనుమరాండ్రను దగ్గఱ గూర్చుండబెట్టుడు. ఎవరికి వినిపింపవలసిన పాట యింకను మిగిలియున్నదో అప్పుడు తెలియవచ్చును.