పార్కుకు వెళ్తే అమ్మకూ సెలవే

పండుగ మరునాడు, అంటే బాసీ ఈద్ నాడు, హైదరాబాదులో బహదూర్‌పురా వెళ్ళే రోడ్డు చూసి తీరాలి. ఒక్కో ఆటోలో ఆరుగురు, ఏడుగురు. కొత్త బట్టల మడతలు ఇంకా విడని మగపిల్లలు, చేతుల నిండా మెహందీతో ఆడపిల్లలు, ఒళ్ళో పసిబిడ్డలతో తల్లులు, కాళ్ళ మధ్య టిఫిన్ క్యారియర్లు. అందరి ప్రయాణమూ జూ పార్కుకే. మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో 1963లో తెరిచిన ఈ నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు ఆనాడు తండ్రుల చేయి పట్టుకుని వెళ్ళినవారు ఇప్పుడు మనవళ్ళ చేయి పట్టుకుని వెళ్తున్నారు. పండుగ సరదాలో అదొక భాగమైపోయింది. సంతోషమే.

అయితే పండుగలు ఏడాదికి రెండు. మిగిలిన రోజుల మాటేమిటి?

పాతకాలపు ఇళ్ళలో గదులు చిన్నవైనా మధ్యలో ఆంగన్ ఉండేది. ఒక జామచెట్టు, ఒక నీళ్ళ తొట్టి, పిల్లలు పరుగెత్తడానికి కావలసినంత జాగా. అన్నదమ్ములు పంచుకున్నాక ఆంగన్ కాస్తా గది అయింది, గది మీద గది లేచింది, కింద మిగిలిన జాగాలో మోటారు సైకిళ్ళు నిలబడ్డాయి. ఇది ఒక్క హైదరాబాదు కథే కాదు. గుంటూరు, కర్నూలు, కడప, నిజామాబాదు, ఏ ఊళ్ళోనైనా ఇరుకు మొహల్లాలలో ఇదే వరస. మూడేళ్ళ పిల్లవాడు మెట్ల మీద ఆడితే పడతాడని భయం, గల్లీలో ఆడితే బండి గుద్దుతుందని భయం. చివరికి వాడి చేతికి ఫోను వస్తుంది.

అయిదేళ్ళలోపు పిల్లల విషయమై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొన్ని సూచనలు విడుదల చేసింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలని, అందులో కనీసం 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలని, ఫోను, టీవీల ముందు కూర్చోవడం గంటకు మించరాదని అందులో ఉంది. రోజుకు మూడు గంటలు! రెండు గదుల ఇంట్లో అంత పరుగు ఎక్కడినుంచి వస్తుంది? అందుకే మేము ఇక్కడ చెప్పదలచింది దూరపు విహారం గురించి కాదు. నడిచి వెళ్ళగలిగే, లేదా ఒక్క బస్సులో చేరగలిగే పార్కు గురించి. వారానికి ఒక్కసారైనా.

నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌నే తీసుకుందాం. దాని పాత పేరు బాగే ఆమ్. ఉర్దూలో మామిడిపండును కూడా ఆమ్ అనే అంటారు కనుక ఇదేదో మామిడితోట అనుకునే పిల్లలున్నారు. ఇక్కడి ఆమ్ వేరు. ప్రజలందరిదీ అని దాని అర్థం. నిజాంల కాలంలో 1846లో వేసిన తోట అది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1924లో కట్టించిన షాహీ మస్జిద్ ఆ తోటలోనే ఉంది కనుక, సాయంత్రం వచ్చిన తండ్రులు అస్ర్ నమాజు జమాఅత్‌తో చదివి మళ్ళీ పిల్లల దగ్గరికి రావచ్చు. మ్యూజియం, బాలభవన్ కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి.

తోట అందరిదీ అన్నాం. కాని చాలా కుటుంబాలు పార్కులో గడిపే తీరు చూస్తే అది అందరిదీ అనిపించదు. పార్కుకు వెళ్ళాలని రాత్రి అనుకుంటారు. ఫజర్ నమాజు కాగానే అమ్మ వంటింట్లోకి వెళ్తుంది. బిర్యానీ, దహీ చట్నీ, పిల్లలకు కారం లేనిది విడిగా, అత్తగారికి మెత్తనిది మరొకటి. పసిబిడ్డకు పాలు, బట్టలు. బయలుదేరేసరికి పన్నెండు దాటుతుంది. అక్కడ దస్తర్‌ఖాన్ పరచడం, వడ్డించడం, ఎత్తడం, చేతులు కడిగించడం. ఆ తరువాత చెప్పుల దగ్గర, సంచుల దగ్గర కాపలా. నాన్న గడ్డి మీద నడుము వాలుస్తాడు. సాయంత్రం ఇంటికి చేరాక గిన్నెలు మళ్ళీ అమ్మకే. ఆమె పార్కుకు వెళ్ళింది అనడం కంటే వంటింటిని పార్కుకు మోసుకువెళ్ళింది అనడం సబబు. రెండోసారి పార్కు మాట ఎత్తితే ఆమె "వద్దులే" అంటుంది. ఆ "వద్దులే" వల్ల నష్టపోయేది పిల్లలు.

ఉడికించిన గుడ్లు, చపాతీలో చుట్టిన కూర, అరటిపళ్ళు, సీసాల నిండా నీళ్ళు. ఇంతకుమించి ఏమీ అవసరం లేదు. వాటిని సర్దడం నాన్నకు చేతకాని పని కూడా కాదు.

ఇక ఆడపిల్లల సంగతి. ఏడేళ్ళ వరకు అన్నతో సమానంగా ఉయ్యాల ఎక్కుతుంది. తొమ్మిదో ఏడు, పదో ఏడు వచ్చేసరికి "నువ్వు పెద్దదానివయ్యావు, ఇలా కూర్చో, తమ్ముణ్ణి చూసుకో" అంటారు. పన్నెండేళ్ళ అన్నయ్య మాత్రం ఇంకా క్రికెట్ ఆడుతూనే ఉంటాడు. ఒకసారి ఒక చిన్న కాలనీ పార్కులో మేము చూశాం. పదేళ్ళ అమ్మాయి చంకలో తమ్ముణ్ణి పెట్టుకుని ఉయ్యాల దగ్గర నిలబడింది. ఖాళీ అయినప్పుడల్లా తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఊపుతోంది. తాను ఒక్కసారి కూడా కూర్చోలేదు. నలుగురు పెద్దలు పక్క బెంచీ మీదే ఉన్నారు. ఆ పసివాణ్ణి పది నిమిషాలు అందుకోవడానికి వారిలో ఒక్కరికీ తోచలేదు. హయా, మర్యాద నేర్పవద్దని ఎవరూ అనరు. ఒంటినిండా బట్టలతో, తల్లిదండ్రుల కళ్ళ ముందు ఉయ్యాల ఊగితే పోయే మర్యాద ఏమిటో మాకు అర్థం కాదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ మనవరాలు, హజ్రత్ జైనబ్ (రజి) కూతురు ఉమామాను ఎత్తుకునే నమాజు చేయించారని బుఖారీ హదీసులో ఉంది. ఎత్తుకున్నది మనవడిని కాదు, మనవరాలిని. అది కూడా జనమంతా చూస్తుండగా. ఒక ప్రయాణంలో ఆయన హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేసుకున్నారని, ఆమె గెలిచిందని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. తరువాత ఎప్పుడో మళ్ళీ పరుగెత్తినప్పుడు, ఆమె ఒళ్ళు చేసి ఉండటంతో, ఆయన గెలిచి "దానికి ఇది బదులు" అన్న అర్థం వచ్చేలా పరిహాసమాడారట. మన బెంచీల మీద అలాంటి నవ్వులు ఎన్నిసార్లు వినబడతాయి?

తల్లులు పార్కు అంటే వెనుకాడటానికి ఇంకో కారణం ఉంది. దాన్ని పైకి చెప్పరు. మరుగుదొడ్డి. చాలా పార్కుల్లో దానికి తాళం వేసి ఉంటుంది, లేదా లోపలికి అడుగు పెట్టలేం. అందుకే ఉదయం నుంచి నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళున్నారు. బిడ్డకు పాలిచ్చే తల్లికి ఇది ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు. మొహల్లా పెద్దలు మున్సిపల్ వార్డు ఆఫీసుకు వెళ్ళినప్పుడు రోడ్డు, మోరీ గురించి అడుగుతారు. ఆ అర్జీలోనే పార్కులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళం తీయించమని, నీళ్ళు పెట్టించమని ఒక వాక్యం చేర్చితే ఏం పోతుంది?

ఆటవస్తువుల దగ్గర కొన్ని జాగ్రత్తలు. ఎండాకాలం మధ్యాహ్నం ఇనుప జారుడుబల్ల కాలిన పెనంలా ఉంటుంది. ముందు మీ అరచెయ్యి ఆనించి చూడండి. అమ్మాయి దుపట్టా, తలకు చుట్టిన స్కార్ఫు కొసలు ఉయ్యాల గొలుసుల్లో, గిరగిర తిరిగే చక్రంలో చిక్కుకుంటే మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది. దుపట్టా తీసి అమ్మ చేతికి ఇవ్వాలి, స్కార్ఫు కొసలు లోపలికి దోపాలి. బుర్ఖా అంచు కూడా చక్రం దగ్గర జాగ్రత్త. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. బిడ్డ భయపడుతోందని నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారుతాడు. ప్రేమతోనే. కాని బిడ్డ బూటు బల్ల అంచుకు తగులుకుంటే, వెనుకనుంచి పెద్దవాళ్ళ బరువు తోసుకువచ్చి చిన్న కాలు మెలిపడుతుంది. మోకాలి కింద ఎముక ఇలా విరిగిన పిల్లలను ఆస్పత్రుల్లో వైద్యులు చూస్తూనే ఉంటారు. ఒంటరిగా జారలేని బిడ్డను ఆ బల్ల ఎక్కించకపోవడమే మేలు. మట్టిలో ఆడుకోనివ్వండి, చీమలను చూడనివ్వండి. రెండేళ్ళవాడికి అది ఏనుగును చూసినంత వేడుక.

బాసీ ఈద్ వంటి రద్దీ రోజుల్లో ఫోను నంబరు రాసిన చీటీ పిల్లల జేబులో పెట్టండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో గేటు దగ్గరే చూపించండి. సోమవారాలు జూకు సెలవు, ఆ రోజు వెళ్ళి పిల్లలను ఏడిపించకండి.

వేళ విషయానికొస్తే అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య సమయం బాగుంటుంది. జూన్‌లో పొద్దు ఏడింటి దాకా ఉంటుంది, డిసెంబరులో ఆరు కాకముందే చీకటి పడుతుంది. చలికాలంలో ఉదయం నాస్తా కాగానే వెళ్ళిరావడం నయం. తిరిగి బయలుదేరే ముందు పిల్లల చెయ్యి ఉన్నట్టుండి పట్టి లాగకుండా, "ఇంకా పది ఊపులు, తరువాత ఇంటికి" అని చెప్పి వాళ్ళ చేతనే లెక్కపెట్టించండి. ఎనిమిది దగ్గర లెక్క తప్పిందని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతారు. పెట్టనివ్వండి, బస్సు ఇంకోటి వస్తుంది.